ఒత్తులు లేని పాఠాలు

పొద్దున్నే అత్తగారు పాల పాకెట్టుతో మొదలుపెట్టింది. "తా...జా పా...లు" అని కూడబలుక్కుని చదివి, పాలు గిన్నెలో పోసి, తర్వాత సబ్బు మీద పడింది. అరవై దాటాక అక్షరాలు పట్టుబడిన మనిషి ఇంట్లో ఉంటే ఇక అంతే, కాఫీ చల్లారాల్సిందే.

"ఏమ్మాయ్, ఈ సబ్బు పేరు కింద ఏదో వేలాడుతోందేంటి?"

"అది ఒత్తు అత్తయ్యా. తర్వాత చెప్తాను."

"నెలన్నర నుంచీ తర్వాతే! ఆ తర్వాత ఎప్పుడొస్తుందో!"

కోడలు నవ్వేసి టిఫిన్ బాక్సు మూత బిగించింది.

వారానికి మూడు సాయంత్రాలు, ఆఫీసు అయ్యాక, కాలనీ గ్రంథాలయం మేడ మీద గదిలో ఆమె పెద్దవాళ్ళకు చదువు చెబుతుంది. జీతం భత్యం లేని పని, మనసుపడి చేసే పని. అక్కడ అందరికీ ఆమె టీచరమ్మ. నాలుగు నెలల క్రితం, "ఊరందరికీ చెప్తావు, నాకు చెప్పవా?" అంటూ అత్తగారు కూడా వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఏ మొహం పెట్టుకుని కాదంటుంది? పలక చేతికిచ్చింది. ఆ రోజుతో టీచరమ్మకు మనశ్శాంతి పోయింది.

ఎందుకంటే అత్తగారి పెట్టెలో, చీరల అడుగున, కూతురు రాసిన ఉత్తరం ఒకటుంది.

రెండేళ్ళ క్రితం మాట. ఆ కూతురూ ఆమె తమ్ముడూ, అంటే కోడలి భర్త, ఫోన్లో మాటా మాటా అనుకుని పలకరింపులు మానేశారు. తల్లికి వేరే ఫోన్ లేదు, అందుకని కూతురు ఆమెకు ఉత్తరం రాసింది. చదివిపెట్టింది కోడలే. అంతా ఉన్నదున్నట్టు చదివి, చివరి వరస దగ్గర ఆగి, కాగితం మడిచేసింది. "అంతేనా? రమ్మని ఒక్క మాట రాయలేదూ?" అంది అత్తగారు. "అంతే" అంది కోడలు. చంకలో ఏడు నెలల పాప, చేతికి అప్పుడే వచ్చిన ఉద్యోగం. ఈవిడ వెళ్ళిపోతే పాపను చూసేదెవరు? ఒక్క నెల ఆగి చెప్పేద్దామనుకుంది. ఆ ఒక్క నెల రెండేళ్ళయింది. జవాబు కూడా తనే రాసింది, బాగున్నామని, ఆరోగ్యం జాగ్రత్తని. పిలిస్తే ఊ అనీ ఉహూ అనీ అనని తల్లికి ఆ కూతురు మళ్ళీ రాయలేదు.

ఉత్తరం నిండా ఒత్తులే. అవి రాకపోతే చదవలేదు కదా అని, పాఠాలు అక్కడికి రాగానే టీచరమ్మ బండి ఆపేసింది. గది, బడి, తలుపు, పలక. మళ్ళీ గది, బడి, తలుపు, పలక.

ఆ శనివారం క్లాసులో ఉన్న వడ్రంగి ఇక ఆగలేకపోయాడు. అందరూ రంపం తాత అని పిలిచే ముసలాయన.

"టీచరమ్మా, ఒత్తు లేని బోర్డు బజార్లో ఒక్కటీ లేదు. నిన్న ఆసుపత్రి దగ్గర నిలబడి 'ఆసుపతి' అని గట్టిగా చదివాను. లోపలున్నవాళ్ళు కూడా నవ్వారు!"

"వచ్చే వారం చూద్దాం తాతా."

"పోయిన వారమూ అదే అన్నారు. నా ఆయుష్షుకి ఎన్ని వారాలున్నాయో కాస్త లెక్క చూసి చెప్పండి."

గదంతా ఘొల్లుమంది. టీచరమ్మ బోర్డు వైపు తిరిగి సుద్దముక్కతో ఊరికే ఏదో గీసింది. ఒక్కరి నుంచి దాచడానికి ఇంతమంది నోరు కట్టేశానే అనుకుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

మర్నాడు ఆదివారం. భర్త పాపను పార్కుకు తీసుకెళ్ళాడు. కోడలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చుని, ఒళ్ళోంచి ఆ ఉత్తరం తీసి మంచం మీద పరిచింది.

"పై నుంచి చూస్తే ఏమీ రాలేదు నాకు. అన్నీ వేలాడేవే. అందుకని కింద నుంచి పట్టుకున్నా. చివర్లో ఒక్కటీ వేలాడట్లేదు. చదువుతా, తేడా ఉంటే చెప్పు."

వేలు పెట్టింది.

"నీ... కో...సం... గ...ది... ఖా...ళీ...గా... ఉం...ది." ఊపిరి పీల్చుకుంది. "రా."

కోడలి చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. నెలన్నరగా ఒత్తులు దాచింది గానీ, ఆ చివరి వరసలో ఒత్తు ఉందో లేదో ఏనాడూ చూసుకోలేదు. 'రా' అయితే మొదటి వారంలోనే తన చేత్తో దిద్దించింది.

"సరిగ్గా చదివానా?"

"చదివారు."

"మరి ఆ రోజు నువ్వెందుకు చదవలేదే? నీకు ఒత్తులు లేనివి రావా?"

కోడలు భోరుమంది. "పాప చిన్నది అత్తయ్యా... మీరు వెళ్ళిపోతే ఉద్యోగం పోతుందని..."

"అడగొచ్చుగా! అడిగితే ఉండేదాన్ని కాదూ? పిలవలేదని రెండేళ్ళు నా కూతుర్ని తిట్టుకున్నానే. పిలిచినా రాలేదని అది నన్ను ఎంత తిట్టుకుందో!" అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే, ఏడుపు తర్వాత. కాగితం తీసుకో. దానికి జరిగింది జరిగినట్టు రాయి. నాకు రాని అక్షరం ఒక్కటి పెట్టావంటే ఊరుకోను. ప్రతి మాటా నేను చదువుకోవాలి."

కోడలు 'వదినా' అని రాసింది. ఆ తర్వాత కలం కదల్లేదు.

"ఏమైంది?"

"రాయాల్సిన మాటకి ఒత్తు కావాలి అత్తయ్యా."

"ఏంటా మాట?"

"తప్పు."

"అయితే నేర్పు. ఎదురుగానే ఉన్నాగా."

కోడలు పెద్దగా రాసి చూపించింది. "ఇది పు. దాని కింద ప ఒత్తు. తప్పు."

"త...ప్పు. బానే ఉంది. ఎవరిదని రాస్తావు?"

రాసింది. ఆ మాటకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. "నా...ది" అని అత్తగారే చదివింది. కోడలు వెక్కి వెక్కి ఏడుస్తుంటే దగ్గరకు తీసుకోలేదు. మడతపెట్టిన వాటిలోంచి ఒక తువ్వాలు లాగి ఆమె ఒళ్ళో పడేసింది.

"నేను వెళ్తున్నా. ఎన్నాళ్ళో చెప్పలేను. సంతకం మాత్రం నేనే పెడతా. అమ్మ అని ఎలా రాయాలి?"

దానికీ ఒత్తే. నాన్నకీ, అన్నకీ, అక్కకీ ఒత్తే. ఇంట్లో వాళ్ళను నోరారా పిలుచుకునే మాటలెన్నో తను ఇన్నాళ్ళూ తొక్కిపెట్టిందని టీచరమ్మకు అప్పుడు తెలిసింది. ఏడుస్తూనే చూపించింది. అత్తగారు నాలుక కొస బయటపెట్టి, వంకరటింకరగా 'అమ్మ' అని రాసుకుని, దాన్ని తృప్తిగా చూసుకుంది. కలం మాత్రం కింద పెట్టలేదు.

"ఇప్పుడు అత్త అని చూపించు."

"అదెందుకు అత్తయ్యా?"

"అక్కడి నుంచి నీకు రాసేటప్పుడు కింద ఏమని పెట్టుకోనే, పిచ్చిదానా?"