తేడా

"ఒక్క మగ్గుడు నీళ్ళే పోశానంటున్నానా!"

"రోజూ ఒక్క మగ్గుడా, అత్తయ్యా?"

"రోజూ అంటే... రోజూ కాదులే. పైకెళ్ళినప్పుడల్లా."

"మీరు రోజూ వెళ్తారు కదా!"

కోడలు టీ గ్లాసు పక్కన పెట్టి తల పట్టుకుంది. ఆమె ఉద్యోగం కూరగాయల పరిశోధన కేంద్రంలో. వానలు సరిగా పడని చోట్లకి పనికొచ్చే టమాటా కోసం ఎక్కడెక్కడి రకాలనో కలిపి పెంచుతోంది. కేంద్రంలో షెడ్డు బాగుచేస్తున్నారని కుండీలన్నీ ఇంటి మేడ మీదికి తెచ్చుకుంది. నీళ్ళు ఆపేసి ఏది ముందు వాలిపోతుందో, ఏది తట్టుకుంటుందో చూడాలి. తట్టుకున్నవాటి విత్తనమే ఈ సీజనుకి రైతుల పొలాల్లోకి వెళ్తుంది.

వారాలు గడిచినా ఒక్కటీ వాలలేదు. తన మొక్కలన్నీ మొండిఘటాలేనని మురిసిపోయి పై అధికారికి చెప్పేసింది కూడా. తీరా ఇవాళ పొద్దున మేడెక్కితే, కుండీల మధ్య మగ్గుతో అత్తగారు!

"పోనీలేవే, పెద్దావిడ ఏదో జాలిపడి..." అన్నాడు భర్త.

"మీరు పేపరు చదువుకోండి."

"నాన్నా, నిన్నెవరూ పిలవలేదు," అంది కూతురు నవ్వాపుకుంటూ.

కోడలు మళ్ళీ అత్తగారి వైపు తిరిగింది. "పోనీ, ఏ కుండీలకి పోశారో చెప్పండి. మిగతావాటినైనా చూసుకుంటాను."

"అన్నిటికీ పోశాను." అత్తగారికి రోషం వచ్చింది. "ఒకదానికి పోసి పక్కదాని నోరు ఎండగడతానా? పిల్లల్ని పెంచినదాన్ని. ఎవరి దగ్గరా తేడా చూపించలేదు. నీకూ నా కూతురికీ చూపించానా ఎప్పుడైనా?"

"నాకు కావలసిందే ఆ తేడా, అత్తయ్యా! ఇన్నేళ్ళ నా చాకిరీ దానికోసమే. మీ ముద్దు వల్ల అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. రేపు ఎవరో ఈ విత్తనం నమ్ముకుని వేస్తారు. వాన మొహం చాటేస్తుంది. అక్కడ మగ్గు పట్టుకుని మీరుండరు కదా!"

అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అరిచినందుకు కోడలికే చిన్నతనమనిపించింది. ఆడపడుచూ తనూ ఒకేసారి జ్వరంతో పడ్డప్పుడు, రెండు మంచాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నది ఈవిడే. అయినా కోపం చల్లారలేదు. ఆఫీసుకెళ్ళి, తను చెప్పింది తప్పని, పరీక్ష మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలని, ఈ సీజనుకి విత్తనం ఇవ్వలేనని ఒప్పుకుంది. అధికారి మొహం చూడలేకపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు అందరికీ వడ్డించి, "రేపు మీ అక్క దగ్గరికి వెళ్తున్నాను," అంది కొడుకుతో, మామూలుగా.

"అదేంటమ్మా, అలిగావా?"

"అలకేంటిరా నీ మొహం. ఆ మొక్కలు వాలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. నీళ్ళు పోస్తే దీని పని చెడుతుంది. నేనిక్కడ లేకపోవడమే మంచిది."

కోడలి చేతిలో ముద్ద ఆగిపోయింది. "అత్తయ్యా..."

"పరీక్ష అయ్యాక ఫోన్ చెయ్యి, వచ్చేస్తాను. వాలిపోయినవాటిని మాత్రం పారెయ్యకు," అంది అత్తగారు, ఆమె కంచంలో ఇంకాస్త కూర వేస్తూ. "అవి నావి."