నాలుగున్నర సెకన్ల నిశ్శబ్దం

గ్రంధి శేషారత్నం దుకాణం తెరిచేసరికి మెట్ల మీద ఇద్దరు కాచుకుని ఉన్నారు. మొదటి మనిషి చనిపోయిన అత్తగారి పాత ఫోను సందేశం తెచ్చింది.

"ఇల్లు మా ఆయనకేనని అత్తగారు చెప్పినప్పుడు మా తోటికోడలు పక్కనే ఉందండీ. ఇప్పుడేమో తాను వినలేదంటోంది."

శేషారత్నం సందేశాన్ని మూలదర్శినిలో పెట్టింది. గొంతు గోడలకు తగిలి తిరిగివచ్చిన జాడలను ఏరి, ఆ యంత్రం అప్పటి గదిని వెలుగు గీతలతో గాలిలో మళ్ళీ కట్టి చూపిస్తుంది. మంచం లేచింది, కిటికీ లేచింది, మంచం మీద ముసలామె, తలుపు చాటున ఇంకొక మనిషి ఊపిరి.

"ఉందమ్మా," అంది శేషారత్నం. వచ్చినామె ముఖం వెలిగింది.

మూలదర్శిని వచ్చిన పన్నెండేళ్ళలో గాజువాక జనం మాట్లాడే తీరే మారిపోయింది. ఫోను ఎత్తేముందు పక్కనున్నవాళ్ళను బయటికి పంపుతున్నారు. పాటలకైతే చట్టమే వచ్చింది. రాబోయే 2091 ఉగాది నుంచి మూలపత్రం లేని పాట ఏ సభలోనూ వినిపించకూడదు. ఆ పాట ఎవరు, ఏ గదిలో, ఎలా చేశారో యంత్రం చూసి రాసిచ్చేదే మూలపత్రం. చేసినవాళ్ళలో ఒక్కరు బతికున్నా వాళ్ళ వేలిముద్ర కావాలి.

రెండో మనిషి బొడ్డేపల్లి అప్పలసూరి. వయసు ఎనభై నాలుగు. అరవై ఏళ్ళ కిందట ఈ ఊరి ఉక్కు కార్ఖానాలో పనిచేసే నలుగురు కుర్రాళ్ళు 'దాగలి' అనే హెవీ మెటల్ బృందం పెట్టారు. కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దిమ్మ పేరది. అందులో డ్రమ్స్ వాయించింది అప్పలసూరి. వాళ్ళ 'ఇనుప నీరు' పాట తెలియని ఇల్లు ఇవాళ తెలుగునాట లేదు. గిటార్లు ఉరిమి ఉరిమి, ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. నాలుగున్నర సెకన్లు ఏమీ వినపడదు. తర్వాత డ్రమ్ము మీద ఒకే ఒక్క దెబ్బ.

ఆ నిశ్శబ్దానికి అర్థం ప్రమాదంలో పోయిన కూలీ అన్నారు కొందరు. తిరుగుబాటుకు ముందు బిగబట్టిన ఊపిరి అన్నారు ఇంకొందరు. విశ్వవిద్యాలయంలో దాని మీదే మూడు పుస్తకాలు వచ్చాయి. తర్వాతి బృందాలన్నీ దాన్ని సెకనులో నూరోవంతు తేడా రాకుండా కొలిచి వాయించాయి. ఆ ఖాళీలో కేకలు వేయడం జనానికి ఆనవాయితీ అయింది.

"ఏలిముద్ర ఎయ్యనమ్మా," అన్నాడు అప్పలసూరి. "పాట పోతే పోనీ."

"ఉగాది ఇంకా ఇరవై రోజులే, సూరిగారూ. ఆ రోజు బీచిలో జరిగే సభకు నలభై వేలమంది ఈ పాటకోసమే వస్తున్నారు."

"అందుకే ఎయ్యను."

నిజంగా వద్దనుకున్న మనిషి పొద్దున్నే వచ్చి మెట్ల మీద కూర్చోడని ఈ పన్నెండేళ్ళ వ్యాపారంలో శేషారత్నానికి తెలిసింది. తలుపు దగ్గరగా వేసి, టీ పోసి ఇచ్చింది. సగం గ్లాసు అయ్యాక ఆయనే నోరు విప్పాడు.

"నిద్రోపోనానమ్మా."

"ఎప్పుడు?"

"ఆ పాటలోనే. కొలిమి కాడ రెండు షిఫ్టులు వరసగా దిగొచ్చాను. రికార్డింగు గది మాకు గంటసేపే ఇచ్చారు. వాయిస్తా వాయిస్తా కునుకు పట్టీసింది. కళ్ళు తెరిస్తే అంతా ఆగిపోయుంది. దడుసుకుని కొట్టాను. అదే ఆ దెబ్బ. పెద్దోళ్ళు దానికి పుస్తకాలు రాసీసారు." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఆ ముగ్గురూ నన్ను ఒక్క మాటనలేదు. నా మూలాన పాట తెగిందని లోపల్లోపల తిట్టుకునే ఉంటారు. పాట పాడిన దానియేలు గాడు పోయేముందు కూడా ఆ మాటెత్తలేదు. ఇప్పుడీ మిషను నా ముందే తీసి సూపిస్తాదంటే నాను తట్టుకోలేనమ్మా."

"సిగ్గు మీ ఒక్కరిదండీ. పాట అలా కాదు, చనిపోయిన ఆ ముగ్గురిది కూడా. రెండూ తూకం వేసి మీరే చెప్పండి."

"నీతో బేరం పెట్టుకున్నోడు బాగుపడ్డాడేటి?" అని గొణిగి, ఆయన వేలు ఒత్తాడు.

శేషారత్నం పాటను మూలదర్శినిలో పెట్టగానే, దుకాణంలో అప్పటి రికార్డింగు గది, ఒక రేకుల షెడ్డు, లేచింది. అందులో వెలుగుతో గీసిన నలుగురు మనుషులు. ఒక్కొక్కరి ఛాతీలో గుండె ఎర్రగా కొట్టుకుంటోంది. పాట మొదలవగానే అలమరలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. శేషారత్నం వేలకొద్దీ గదులు చూసింది. ఇలాంటిది చూడలేదు. అంత మోతలో, డ్రమ్ముల వెనక కుర్రాడి గుండె మెల్లగా, పసిపిల్లాడి నిద్రలా నెమ్మదిస్తోంది. చేతులు మాత్రం ఇంకా ఆడుతున్నాయి.

"కొలిమోళ్ళకి అంతే," అన్నాడు అప్పలసూరి. "మోతలో నిద్రొస్తాది. మోత ఆగితే పెమాదమని మెలకువొస్తాది."

కుర్రాడి చేతులు జారాయి. పాడుతున్న దానియేలు వెనక్కి తిరిగి చూశాడు. చెయ్యి పైకెత్తాడు. గిటార్లు వాయిస్తున్న చిన్నారావు, ఖాసిం తీగల మీద అరచేతులు అదిమారు. మూడు ఊపిరులు ఒక్కసారే ఆగాయి. అరవై ఏళ్ళుగా ఏ చెవికీ అందని అడుగు నుంచి యంత్రం దానియేలు గొంతుతో ఒక గుసగుసను పైకి తెచ్చింది.

"లేపకండ్రా. రెండు షిఫ్టులు దిగొచ్చాడు."

"గంట అయిపోద్దిరా."

"పోనీరా."

దెబ్బ పడింది.

"ఎర్రిబాగులోళ్ళు," అన్నాడు అప్పలసూరి. "దానియేలు గాడిది కేంటీను పని, ఆళ్ళిద్దరిదీ స్టోర్సు పని, కొలిమి సంగతి తెలీదు. మోత ఆపితే నాను లేస్తానని ఆళ్ళకేం తెలుసు? పడుకోనిద్దామని ఆపీసారు." నవ్వబోయాడు. భుజాలు కదిలిపోయాయి. శేషారత్నం తల తిప్పుకుని గ్లాసులు సర్దింది.

మూలపత్రంలో అర్థం అనే గడి దగ్గర యంత్రం ఇలా రాసింది: 'ఒకరు నిద్రపోయారు. ముగ్గురు ఆగారు.' సాయంత్రానికల్లా ఆ రెండు వాక్యాలు ఊరూరా తిరిగాయి.

ఉగాది నాడు, పొద్దు వాలుతుండగా, విశాఖ బీచిలో అప్పలసూరిని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి ముందు మైకు పెట్టారు. రెండు మాటలు చెప్పి ఆయన వెనక్కి వాలాడు. ఇప్పటి బృందం ఒకటి పాట మొదలుపెట్టింది. గిటార్లు ఉరిమాయి. ఇసుక కింద నుంచి పాదాలకు వణుకు తగిలింది. ఉన్నట్టుండి అంతా ఆగింది.

ఎప్పుడూ కేకలు వేసే చోట నలభై వేలమందిలో ఒక్కరూ నోరెత్తలేదు. ముందు వరసలో శేషారత్నం అలవాటుగా లెక్కపెట్టింది. నాలుగున్నర దాటింది. పది దాటింది. డ్రమ్ముల వెనకున్న అమ్మాయి పుల్లలు పైకెత్తి అలాగే ఉండిపోయింది. అప్పుడు మైకులోంచి, పెద్ద పెద్ద స్పీకర్లన్నిటిలోంచి, సన్నగా గురక వినిపించింది.

నిశ్శబ్దం ఆయన్ను లేపలేదు. వెనక సముద్రం మోత ఆగలేదు కదా.

అమ్మాయి పుల్లలు ఒడిలో పెట్టుకుంది. గిటార్ల వాళ్ళు తీగలు అదిమిపట్టి మునివేళ్ళ మీద పక్కకు తప్పుకున్నారు. ఆ రోజు 'ఇనుప నీరు' పూర్తి కాలేదు. నలభై వేలమంది చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పిల్లల్ని భుజానికెత్తుకుని, ఒకరి తర్వాత ఒకరు రోడ్డెక్కారు. రోడ్డెక్కాక కూడా చాలా దూరం ఎవరూ చెప్పులు వేసుకోలేదు.