వెన్నెలవేరు తాటాకులు

తేనెవాక రాజ్యంలో ఆ యేడు మనుషులు నవ్వుతూ నిద్రపోసాగారు. నాట్లు వేసేవాళ్లు గట్టు మీదే ఒరిగేవారు. సన్నాయి ఊదేవాడు పెళ్లిపందిట్లోనే తల వాల్చేవాడు. ఎంత లేపినా లేచేవారు కారు. పున్నమి దాటితే నవ్వు చెరిగి ఊపిరి ఆగిపోయేది.

ఆ జబ్బుకు మందు వెన్నెలవేరని అందరికీ తెలుసు. అయితే ఒకరికి పనిచేస్తే పదిమందికి చేసేది కాదు. ఎవరికి ఎలా ఇచ్చారో, ఏమైందో రాసిపెట్టుకున్న వైద్యులు ముగ్గురే. వాళ్ల రాతలు ఎవరూ చూడలేదు. మందు గుట్టు గడప దాటితే గుణం పోతుందని అక్కడ తాతల నాటి నమ్మకం.

పొన్నారి తాటాకుల మీద గంటంతో రాసే పిల్ల. పెళ్లయి పన్నెండు రోజులు. భర్త పోలన ఆమె కోసం దోసిట్లో నేరేడుపళ్లు తెస్తూ గుమ్మంలోనే నిద్రలోకి జారాడు. ఒక్క పండూ కింద పడలేదు. పున్నమికి ఆరు రోజులుంది. పొన్నారి ఒక పండు తిని, గంటం కొప్పులో గుచ్చుకుని, ఆ ముగ్గురు వైద్యులను వెతుక్కుంటూ బయలుదేరింది.

మొదట కొండ ఎక్కింది. అక్కడ ఒక ముని మబ్బుల మీద పంచె ఆరేసుకుంటున్నాడు.

“తాతా, నీ తాటాకులు ఒకసారి చూపిస్తావా?”

“చూపించను. నన్ను నమ్మి చెప్పుకున్న మాటలవి. ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో సంతలో పెట్టమంటావా?”

ఆ కోపంలో న్యాయముంది. పొన్నారి కొప్పులోంచి గంటం తీసింది. “పేర్లూ ఊళ్లూ నీ దగ్గరే ఉంచుకో. జబ్బూ మందూ ఫలితమూ చదువు, నేను రాసుకుంటాను.”

“మరి గడప దాటితే గుణం పోదూ?”

“నీకు గడపెక్కడుంది తాతా, అంతా మబ్బేగా.”

ముని పడీపడీ నవ్వి చదివాడు. వేరు రసం ఒక్కటే తాగినవాళ్లు లేచారు, కానీ మూడోనాటికి మళ్లీ నిద్రపోయారు.

మోదుగుపూల అడవిలో ఒక రాక్షసి చెట్టుకొమ్మతో తల దువ్వుకుంటోంది. “నిన్ను తింటానే,” అంది.

“తిందువుగాని అవ్వా. ముందు నీ తాటాకులు చూపించు.”

రాక్షసి కొంగులోని కట్టను ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఏం చూస్తావులే. చేదని తేనె కలిపి యాభైమందికి ఇచ్చాను. ఒక్కరూ లేవలేదు. తెలిస్తే నవ్విపోతారు.”

“గెలిచిన సంగతి ఎవరైనా చెబుతారు. నువ్వు ఓడిన దారి తెలియకే ఇప్పటికీ అందరూ తేనె కలుపుతున్నారు.”

రాక్షసి ముక్కు చీది, కట్ట విప్పింది.

చివరికి తామరకొలను. అక్కడి ముసలి తాబేలు డిప్ప నిండా అక్షరాలే.

“నేను చెబితే నాకేమిస్తావు?”

“ఆ ఇద్దరి రాతలూ చదివి వినిపిస్తాను.”

తాబేలు కళ్లు మెరిశాయి. “మూడొందల ఏళ్లుగా నా రాతలే నేను చదువుకుని విసుగెత్తింది. కూర్చో. రసం తర్వాత మజ్జిగ తాగినవాళ్లు మళ్లీ నిద్రపోలేదు. కానీ వాళ్లు నలుగురే. నలుగురిని చూసి నమ్మేదెలా అని ఊరుకున్నాను.”

పొన్నారి తాను రాసుకున్న మూడు రాతలనూ ఒడ్డున పక్కపక్కన పరిచింది. ముని రోగులను లేపగలిగాడు, నిలపలేకపోయాడు. రాక్షసి తేనె వల్ల ఓడింది. తాబేలుకు నిలిపే దారి తెలుసు. ఎవరి రాతలోనూ లేని మందు మూడింటి మధ్యా కనిపించింది.

పున్నమి నాటి మధ్యాహ్నానికి ఆమె ఇల్లు చేరింది. తేనె లేని రసం పోసి, వెంటనే మజ్జిగ పట్టింది. పోలన మొహం చిట్లించాడు.

“చేదు. కాస్త తేనె వేయకూడదా పొన్నీ?”

“ఈ జన్మకు వేయను,” అంది ఆమె, అతని చెంపలు రెండు చేతులా పట్టుకుని.

ఆ విధానం నోటా నోటా పాకి, సాయంత్రంలోగా ఊరూరా అందరూ లేచారు. మందు గుట్టు వెయ్యి గడపలు దాటినా గుణం రవ్వంత తగ్గలేదు. రాజు అర్ధరాజ్యం ఇస్తానంటే, తలుపుల్లేని ఒక మండపం చాలంది పొన్నారి. తాటాకులన్నీ పేర్లు లేకుండా అందులో పెట్టించి, ఆలుమగలిద్దరూ దాన్ని ఏలుకున్నారు. ముని మబ్బు దిగి వచ్చాడు. రాక్షసవ్వ తన ఓటములను తానే చదివి వినిపించింది. తాబేలు కూడా వస్తానని కబురు పెట్టింది. ఇంకా దారిలోనే ఉందట.