ఇరవై రోజుల ఖాళీ

నూకరత్నం చేతులు పెరట్లో గులాబీలు కత్తిరిస్తున్నాయి. నూకరత్నం మాత్రం అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతోంది.

మాఘమాసం ఎండ ఇంకా లేతగానే ఉంది. తోటబంటు నడుమెత్తు యంత్రం. కొమ్మను రెండు వేళ్లతో వంచి, బయటివైపు చూస్తున్న చిగురుకన్ను వెతికి, దానికి కాస్త పైన ఏటవాలుగా కోసి, మణికట్టు ఒక్కసారి విదిలిస్తోంది. ఆ విదిలింపు నూకరత్నానిది. నలభై రెండేళ్ల వయసులో గాజులు వదులై జారుతుంటే వాటిని పైకి తోసుకోవడానికి అలా విదిలించేది. ఇప్పుడు రాష్ట్రంలో ప్రతి పెరట్లోనూ ప్రతి బంటూ లేని గాజుల్ని అలాగే పైకి తోసుకుంటోంది.

గులాబీలయ్యాక బంటు మందారం గుబురు పల్చన చేసింది. జామచెట్టు ఎండుపుల్లలు విరిచింది. కుండీల్లో పాతమట్టి తీసి కొత్తమట్టీ ఎరువూ నింపింది. చివరికి నీళ్ల గొట్టం పట్టుకుని మల్లెపాదు వైపు తిరిగింది. అక్కడ నులకమంచం అడ్డంగా నిలబెట్టి ఉంది. బంటు కుడివైపు నుంచి రాబోయింది. నూకరత్నం లేచి మంచాన్ని కుడివైపు జరిపింది. మూడు రోజులుగా ఇదే తంతు.

ప్రతి మొక్క మొదట్లోనూ దప్పికముల్లు అనే సన్నని సూది గుచ్చి ఉంటుంది. వేరు దగ్గర తడి తగ్గితే అది బంటుకు చెబుతుంది, బంటు నీళ్లు పోస్తుంది. ఎవరైనా అడ్డుపడితే పైవాళ్లకు ఫిర్యాదు వెళ్తుంది. మనిషి సంగతెలా ఉన్నా, మొక్కకు చెప్పుకునే దిక్కుంది.

పదింటికల్లా వనహస్త సంస్థ నుంచి తనిఖీ అధికారి వచ్చింది. పేరు ప్రణిధి, ముప్పై ఏళ్లుంటాయి. వస్తూనే వంగి నూకరత్నం కాళ్లకు దండం పెట్టింది. ఆ సంస్థలో చేరినవాళ్లకు మొదటి పాఠం ‘రత్నం పద్ధతి’. గోడ మీద మొదటి పటం కూడా ఆమెదే.

“మీ తోట మీద ఫిర్యాదంటే నమ్మలేకపోయానమ్మా. మల్లెకు నీళ్లు పోయనివ్వట్లేదట?”

“పోయనివ్వనండి. ఇరవై రోజులు పొయ్యకూడదు. ఆకు వాడి వేలాడిపోవాలి. అప్పుడు ఆకంతా దూసేసి, మోకాలెత్తుకి కత్తిరించి, పాదు తవ్వి, ఎరువేసి, కడుపునిండా నీళ్లెట్టాలి. అప్పుడు పూస్తాదండి. మల్లెకి ఓపాలి చావు చూపించాలే, అప్పుడే దానికి బతుకు గుర్తొస్తాదనేవారు మా అత్తగారు.”

“మీ పద్ధతిలో అలా లేదు కదమ్మా?”

“లేదండి. నేనే చెప్పలేదు.”

ఇరవై రెండేళ్ల కిందట పూలలంక నర్సరీలో నలభైమంది ఆడవాళ్లు కత్తెర పట్టేవారు. అందరిలోకీ పనిమంతురాలని నూకరత్నం చేతులకు వనహస్త వాళ్లు కరసాక్షి తొడిగారు. అది ఉల్లిపొరలాంటి తొడుగు. చేతులు ఏం చేస్తే అది రాసుకుంటుంది. ఏడాదిపాటు రాసుకున్నాక, ఆ రాతతో ఇక బంట్లే పనిచేస్తాయంటూ, మిగతా ముప్పైతొమ్మిది మందికీ ఇక రానక్కర్లేదని చెప్పారు. అందరికంటే ముందు ఆ మాట ఆమె పక్కన పాతికేళ్లు పనిచేసిన కాంతానికి చెప్పారు.

ఆ వారమే ఇంజనీరు నూకరత్నాన్ని పిలిచి అడిగాడు. మాఘంలో అన్ని మడుల్లోనూ మీ చేతులు తిరిగాయి, మల్లెమడిలో మాత్రం ఇరవై రోజులు ఖాళీ ఉంది, ఎందుకని. చేతులు చేసిన పని రాసుకునే తొడుగుకు, చేతులు కావాలని చెయ్యని పని ఎలా తెలుస్తుంది? చెబితే నోటితోనే చెప్పాలి. మల్లెమడి పని అత్త ఆమెకొక్కదానికే నేర్పింది. నూకరత్నం కాంతం ముఖం తలుచుకుంది. “ఆ మడికి మోటారు కాలిపోయిందండి” అంది. ఇంజనీరు దాన్ని లోపమని రాసుకుని, నమోదులో ఆ ఇరవై రోజుల్లోనూ రోజువారీ నీళ్లు నింపాడు. ఆకు వాడితేనే మొదలయ్యే దూత, కోత ఇక బంట్లకు ఎప్పుడూ అవసరపడలేదు. కింద ఆమె వేలిముద్ర తీసుకున్నాడు.

పగ మొదటి వేసవి తియ్యగానే ఉంది. మల్లెలు సరిగా రాలేదని జనం తిట్టుకుంటే ఆమె లోపల్లోపల నవ్వుకుంది. రెండో ఏడు ఎండల వల్లన్నారు. మూడో ఏడు తెగులన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనడం మానేశారు. తెలిసినవాళ్లు వేరే ఊళ్లలో ఇంకొందరు ఉండేవారేమో, కత్తెరే చేతిలో లేనప్పుడు తెలిసి ఏం లాభం. ఈలోపు తన పేరు పద్ధతికి పెట్టారు, శాలువా కప్పారు. ఇక నోరు పెగల్లేదు.

పోయిన వైశాఖంలో కాంతం మంచాన పడి, దోసెడు మల్లెలు చూడాలని ఉందే అంది. నూకరత్నం ఊరంతా తిరిగితే పదకొండు దొరికాయి. కాంతం వాటిని లెక్కపెట్టి, “సాల్లేవే” అంటూ పక్కకు తిరిగి పడుకుంది. మూడో రోజున పోయింది.

ఇదంతా విని ప్రణిధి మల్లెపాదు దగ్గరికి వెళ్లి వంగి చూసింది. “మా ఇంట్లో మల్లెచెట్టు డాబా దాకా పాకిందమ్మా,” అంది. “నా పెళ్లి నెలలో ఏడు పువ్వులు పూసింది. ఎంత అదృష్టమో అన్నారందరూ.”

నూకరత్నం తల దించుకుంది. “బుట్టలకి బుట్టలు కోసేవాళ్లమండి. చేతులు కడుక్కున్నా మర్నాటిదాకా వాసన పోయేది కాదు. నా ఒక్క అబద్ధం మింగేసిందండి అంతా. చేతులు వణుకుతున్నాయి, ఇంకెన్నాళ్లుంటానో. ఈ ఒక్కటీ సరిచేసి పోనివ్వండి.”

“మాటతో రికార్డు మారదు,” అంది ప్రణిధి. “మళ్లీ కరసాక్షి తొడుక్కోండి. ఈ మల్లె వరకూ కొత్తగా నమోదు చేద్దాం. ఇరవై రోజులూ తొడుగు తియ్యకూడదు. బంటును ఈ పాదు దగ్గరికి రాకుండా నేను ఆపుతాను.”

“అందులో ఏమీ చెయ్యకపోవడమే పనండి, అమ్మాయిగారూ. అది రాసుకుంటాదా?”

“వివరం పక్కన నేను రాస్తాను. మీరు కంగారుపడకండి.”

ఆ సాయంత్రం పాదుకు ఆఖరి తడి పెట్టి, మర్నాటి నుంచి నూకరత్నం తొడుగు వేసుకుని మల్లెపాదు ఎదురుగా పీటమీద కూర్చుంది. పనిచెయ్యడం అలవాటైన చేతులకు ఊరికే ఉండడమంత కష్టం మరొకటి లేదు. ఆరో రోజుకు ఆకు మెరుపు తగ్గింది. తొమ్మిదో రోజుకు లేత కొమ్మలు తల వాల్చాయి. నీళ్లు పొయ్యాలని అరచేతులు పీకాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ల తర్వాత ఆమెకు మనసు నిండా సంతోషం వేసింది. పాత కొమ్మకత్తెర సానబెట్టి, నూనె రాసి, కొంగున చుట్టుకుంది.

పన్నెండో రోజు పొద్దున్నే ప్రణిధి గొంతు అరుగు మీది పలుకుపెట్టెలో వినిపించింది.

“అమ్మా, క్షమించండి. పన్నెండు రోజులుగా మీ చేతుల్లో కదలిక లేదని నమోదులు చూసే మా సంస్థ పెద్దయంత్రం తేల్చేసింది. శిక్షకురాలి హస్తాలు శక్తి కోల్పోయాయి, తొలి నమోదే ఇక శాశ్వతం అని రాసేశారు. దాన్ని మార్చే అధికారం ఇప్పుడు ఎవరికీ లేదు.”

“నేను పనిలోనే ఉన్నానని చెప్పలేదాండి?”

“చెప్పానమ్మా. ఏం పని అని మా పైవాళ్లు అడిగారు. మీరు చెప్పిందంతా చెప్పాను. అప్పుడు మోటారు కాలిపోయిందన్న కాగితం తీసి చూపించారు, మీ వేలిముద్రతో. ఆవిడ పెద్దావిడైపోయారు, మరచిపోయి ఉంటారు, రికార్డు మరచిపోదు కదా అన్నారు. బంటును ఇంక ఆపలేను.”

గొట్టం పట్టుకుని బంటు అప్పటికే పెరట్లోకి వచ్చేసింది. నులకమంచాన్ని జాగ్రత్తగా ఎత్తి గోడకు ఆనించింది. నూకరత్నం దాని చెయ్యి పట్టుకుని లాగింది. అరవై నాలుగేళ్ల చెయ్యి నలభై రెండేళ్ల చేతిని ఆపలేకపోయింది. బంటు మల్లెపాదు దగ్గర వంగి, ధారకు మట్టి చెదరకుండా ఎడమ అరచేతిని అడ్డుపెట్టి, చిన్నపిల్లకు తలస్నానం చేయించినట్టు నెమ్మదిగా నీళ్లు వదిలింది. అచ్చం నూకరత్నం పోసినట్టే పోసింది. ఇంకో ఎనిమిది రోజులాగితే చాలు.

“వద్దే,” అంది నూకరత్నం దాని పక్కన కూలబడి. “ఆ మోటారు కాలిపోలేదే. నా మాట ఇనవే. వద్దే, రత్నం!”

పాదు నిండింది. వాలిన కొమ్మలు ఒక్కొక్కటే తల ఎత్తసాగాయి. బంటు గొట్టం కట్టేసి, మణికట్టు ఒకసారి విదిలించి, పక్కింటి పెరట్లోకి వెళ్లిపోయింది.