వాల్వ్‌మన్ తమ్ముడు

"మీ అన్నయ్య జారిపడలేదు, నైన్. తోసేశారు."

చీఫ్ ఫైలు ముందుకు నెట్టాడు. ఏజెంట్ నైన్ తెరవలేదు. పాతికేళ్ళు ఊరి మంచినీళ్ళ వాల్వులు తిప్పిన మనిషి సంపులో జారిపడ్డాడంటే అతనెప్పుడూ నమ్మలేదు.

"ఎవరు?"

"కన్సల్టెంట్. విదేశీ కంపెనీ మనిషి. ఊరి నీళ్ళు ముప్పై ఏళ్ళపాటు వాళ్ళ చేతికివ్వాలా వద్దా అని ఇవాళ పదకొండింటికి కౌన్సిల్లో ఓటింగ్. ఓడిపోతామని వాళ్ళకి తెలుసు. అందుకే పదిన్నరకి పంపుహౌస్‌లో పాత వాల్వు తెరిచి, మంచినీళ్ళ మెయిన్ పైపులోకి మురుగు వదులుతారు. 'మున్సిపాలిటీకి చేతకాదు, మాకివ్వండి' అంటారు. ఆ వాల్వు తెరవనన్నందుకే మీ అన్నయ్యని చంపారు."

"వాణ్ణి ప్రాణాలతో తేవాలా?"

"తేవాలి. నోరు విప్పాలి."

నైన్ పళ్ళు నూరాడు. "తెస్తాను. ఎలా తెస్తానో మాత్రం అడక్కండి."

పదింబావుకి కొత్త వాల్వ్‌మన్ వేషంలో పంపుహౌస్‌లో ఉన్నాడు. ఒంటిమీద అన్న ఖాకీ చొక్కా. వదిన తీసిచ్చింది. ఇస్త్రీ కూడా చేసుంది. దాన్ని తొడుక్కుంటుంటే ఒళ్ళు మండిపోయింది.

కన్సల్టెంట్ కారు దిగాడు. మల్లెపువ్వులాంటి సూటు. పక్కన హైహీల్స్, నల్లకళ్ళద్దాలు, మెడలో ఒంటిముత్యం: కంపెనీ పి.ఆర్. మేడమ్.

"ఇక్కడ చల్లగా ఉంటుందన్నారే?" అందామె నైన్‌తో.

"మోటారు ఆగితే ఉంటుంది మేడమ్."

కోడ్ కలిసింది. రెండేళ్ళుగా ఆమె వాడి జీతం తింటూ చీఫ్‌కి పనిచేస్తోంది.

ముగ్గురూ గుంతలో ఉన్న వాల్వు దగ్గరికి దిగారు. కన్సల్టెంట్ పిస్టల్ నైన్ మెడకి ఆనించాడు. "తెరువు."

నైన్ పొడుగాటి వాల్వు కీ తగిలించి, కుడివైపు లాగుతున్నట్టు మూలిగాడు.

"నా చెవిలో పువ్వు పెడదామనా? డ్రాయింగ్ చూశాను. ఎడమకి తెరుచుకుంటుంది. తప్పుకో."

పిస్టల్ మేడమ్‌కిచ్చి, కోటు విప్పి, రెండు చేతులతో ఎడమకి లాగాడు. అంగుళం కదిలింది. వేలాడి మరీ లాగాడు. లోపల రాడ్డు టప్పుమని విరిగింది.

"నీళ్ళ చప్పుడేదీ?"

"రాదు సార్. ఈ ఊళ్ళో పాత వాల్వులన్నీ రివర్సు. కుడికి తెరుచుకుంటాయి, ఎడమకి బిగుస్తాయి. డ్రాయింగుల్లో రాయలేదు, వాల్వ్‌మన్లే ఒకరికొకరు చెప్పుకుంటారు. నాకు మా అన్నయ్య చెప్పాడు. ఇంక దీన్ని ఎవడూ తెరవలేడు."

కన్సల్టెంట్ గిరుక్కున తిరిగాడు. పిస్టల్ వాడి వైపే చూస్తోంది.

నైన్ మురుగు లైను నుంచి గుంతలోకి తెరుచుకునే చిన్న కుళాయి తిప్పి, హ్యాండిల్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మేడమ్ వెనకే పైకెక్కి నిచ్చెన లాగేశాడు. ఆమె ముత్యం విప్పి గుంతలోకి వేలాడదీసింది. అది మైకు. దాని అవతల కౌన్సిల్ హాలు స్పీకర్లు.

నల్లనీళ్ళు మోకాళ్ళు దాటాయి. నడుము దాటాయి.

"ఏం కావాలి నీకు?"

"నిజం. గట్టిగా చెప్పు, నాకు చెముడు."

ఛాతీ మునిగేసరికి మొత్తం కక్కాడు. మురుగు ప్లాను, పంపిన వాళ్ళ పేర్లు, సంపు దగ్గర వాల్వ్‌మన్ని తోసిన చేతులు ఎవరివో. పది యాభై తొమ్మిది. నిమిషంలో ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు: "ఒక్క చెయ్యీ లేవలేదు. డీల్ క్యాన్సిల్."

"చాలు, నైన్," అంది మేడమ్.

"చాల్లేదు."

నీళ్ళు వాడి గడ్డం తాకాయి. అలాగే వదిలెయ్యాలని నైన్ ప్రాణం కొట్టుకుంది. కానీ వీడు పోతే, కోర్టులో వదినకి వేలెత్తి చూపించడానికి ఎవడూ మిగలడు. పెదాలదాకా రానిచ్చి, అప్పుడు నిచ్చెన దించాడు.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేశాడు. "మనవాడు లాకప్‌లో మంచినీళ్ళు, మంచినీళ్ళు అని ఒకటే గొడవ."

"కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టుకోమనండి. మున్సిపాలిటీ కదా, కాస్త టైం పడుతుంది."