హెల్మీ సాలో ఆల్బమ్: ఉంచాలా, తీసేయాలా?

"హెల్మీ సాలో ఆల్బమ్‌ని చంపేద్దామని రాసింది మీరేనా?"

అమెరికాలో డులూత్ అనే మా ఊరి లైబ్రరీ మేడ మీది గదిలో, నా సూప్ గిన్నె పక్కన లాప్‌టాప్ టప్పున పెట్టి అడిగిందామె. బయట వాన. ఆమె జుట్టులోంచి నీళ్ళు నా నోట్‌బుక్ మీద పడుతున్నాయి. పేరు మార్నీ. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు రాసే మా ఊరివాళ్ళం నెలకోసారి అక్కడ కలుస్తాం. ఆమె రావడం అదే మొదలు.

"చంపడం కాదండీ. తొలగింపు చర్చకు పెట్టాను."

"ఆహా! ఉరిశిక్షకి ఎంత మర్యాదైన పేరు!"

విషయం ఇదీ. చేపల షెడ్డులో పనిచేసే హెల్మీ సాలో 1974లో ఒకే ఒక్క ఆల్బమ్ చేసింది. అకార్డియన్ అనే తిత్తుల వాయిద్యం, ఆవిడ గొంతు, అంతే. వేసింది మూడొందల కాపీలు. దాని మీద మార్నీ ఒక వ్యాసం రాసింది. అలాంటి వ్యాసం నిలవాలంటే సంబంధం లేని బయటివాళ్ళు రాసిన సమీక్షలు రెండైనా చూపించమంటాం మేము. ఆమె దగ్గరున్నది ఒక్కటే. నేను నియమం దగ్గర మొండివాణ్ణి.

"హెల్మీగారు మీకు చుట్టమా?"

"కాదు. ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం నన్ను పలకరించే మనిషి లేడు. చర్చిలో పాత సామాన్లు అమ్ముతుంటే ఈ రికార్డు దొరికింది. ఆ మూడు నెలలూ ఆవిడే నాకు తోడు. మీరు తీసేస్తే ఆవిడ పేరు ఇంకెక్కడా ఉండదు."

నేను సూప్ గిన్నె పక్కకి జరిపాను. "ఏడు రోజులు టైముంది. రెండోది వెతుకుదాం."

"ఉరి తీసేవాడే తాడు విప్పుతాడా?"

"ముడి సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలిగా."

ఆమె నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

రోజూ సాయంత్రం పాత పత్రికల మైక్రోఫిల్ముల ముందు పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె దాల్చిన చెక్క వేసిన తీపి బన్ను తెచ్చి సగం నాకిచ్చేది. పెద్ద సగం ఎప్పుడూ తనదే. ఆన్‌లైన్‌లో తొలగింపు చర్చలో అప్పటికే నలుగురు 'తీసేయాలి' అనేశారు. అలా వేరేవాళ్ళు ఓటేశాక, నేను పెట్టిందాన్ని నేనే వెనక్కి తీసుకుందామన్నా కుదరదు.

ఆరో రోజు కెనడాలోని విన్నిపెగ్ నుంచి వచ్చే పాత సంగీత పత్రికలో ఆ ఆల్బమ్ మీద సమీక్ష ఒకటి దొరికింది. చదివి మార్నీ మొహం మాడ్చుకుంది.

"'ఈవిడ అకార్డియన్‌కి జలుబు చేసినట్టుంది' అని రాశాడు! అర పేజీ తిట్లే!"

"అర పేజీయా! ఎంత మంచివాడు!"

"మీకు మతి పోయిందా?"

"తిట్టినా సమీక్ష సమీక్షేనండీ. చుట్టమైతే ఇలా తిడతాడా? పక్కా బయటివాడు!"

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

ఇంటికెళ్ళి ఆ సమీక్షని చర్చలో పెట్టాను. 'ఉంచాలి' అని రాయబోయి ఆగిపోయాను. వ్యాసంతోనో, రాసినవాళ్ళతోనో సంబంధం ఉన్నవాళ్ళు ఆ మాట అందరి ముందూ చెప్పుకోవాలి, అదీ నియమమే. చెప్తే ఆమె మళ్ళీ నా మొహం చూడదేమో. చెప్పకపోతే నేను దొంగ ఓటు వేసినట్టే. భయపడుతూనే రాశాను.

"నా ఓటు లెక్కపెట్టవద్దు. ఆల్బమ్‌తో నాకు ఏ సంబంధమూ లేదు. వ్యాసం రాసినావిడని ప్రేమిస్తున్నాను. ఇట్లు, ఆర్లో."

మర్నాడే గడువు; రోజంతా ఆమె సందేశం కోసం ఫోను చూస్తూ గడిపాను. సాయంత్రం, చర్చలు ముగించే పెద్దాయన గస్ గారు తీర్పు రాశారు. "సమీక్షలు రెండూ నికార్సైనవి. వ్యాసం ఉంటుంది. ఆర్లో ఓటు లెక్కలోంచి తీసేశాను. కుర్రాడికి శుభాకాంక్షలు."

హెల్మీ సాలో నిలబడింది. నా సంగతే తేలలేదు.

పది నిమిషాలకి మార్నీ నుంచి సందేశం.

"నువ్వు రాసినదాంట్లో చివరి వాక్యానికి ఆధారం చూపించలేదు. లైబ్రరీ మూసేలోపు వచ్చి చూపించు. లేకపోతే నేను ఒప్పుకోను."