యాక్సిల్ రెండో కొస

మా షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంటుంది. వంటింటి తలుపు తీసి మెట్లు దిగితే చాలు, షెడ్డులోకి వచ్చేస్తాం. నాన్నకి మేమిద్దరం కూతుళ్ళమే. అక్కకి గ్రీజు వాసనే గిట్టదు. నేను మాత్రం ఊహ తెలిసినప్పటి నించీ ఆయన వెనకాలే పానాలు అందిస్తూ తిరిగాను. ఆయన నడుం పడిపోయాక షెడ్డు నా చేతికొచ్చింది.

ఆ వ్యాను బావది, అంటే అక్క మొగుడిది. పాత బళ్ళంటే బావకి పిచ్చి. ఏదో గోడౌన్లో ఏళ్ళ తరబడి పడున్నదాన్ని కొని, తాళ్ళు కట్టి లాక్కొచ్చి మా షెడ్డులో పడేశాడు. గుండ్రటి మొహం, పెద్ద పెద్ద కళ్ళలాంటి లైట్లు, చూస్తే ముద్దొచ్చేలా ఉంది. కానీ ముందు యాక్సిల్ తుప్పుతిని పగిలింది. ముందు చక్రాలు రెంటినీ కలిపి బండి బరువు మోసే ఇనుప దూలం అది. దాన్ని దించి వేరేది ఎక్కించాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ఆదివారం భోజనాలయ్యాక వస్తానన్న బావ, వానలో ఇరుక్కుపోయానని ఫోను చేశాడు. అమ్మేమో అక్క వాళ్ళింటికి వెళ్ళింది. నాన్న మంచం మీద నించే, అల్లుడొచ్చేదాకా దాని జోలికి వెళ్ళకమ్మా అన్నాడు. సరేనన్నాను. ఆయన కునుకు తియ్యగానే వెళ్ళి పని మొదలెట్టాను.

బండి ముందు భాగం అప్పటికే స్టాండ్ల మీద ఎత్తి ఉంది. చక్రాలు ఊడదీశాను. బ్రేకు గొట్టాలు విప్పితే నల్లటి నూనె నేల మీదకి కారింది. శుభ్రంగా తుడిచాననే అనుకున్నాను. స్టీరింగు రాడ్డు వదిలించాక, ట్రాలీ జాకీని యాక్సిల్ నడిమధ్యకి తోసి ఆనించాను. బోల్టులు ఊడాక జాకీని మెల్లగా దించితే యాక్సిల్ కూడా దాంతో పాటే దిగుతుంది. బోల్టులు ఒక్కొక్కటే లొంగాయి. ఆఖరిది మొండికేసింది. పానాకి పొడుగు గొట్టం తొడిగి, బండి కింద వెల్లకిలా పడుకుని, కాళ్ళు తన్నిపెట్టి లాగాను.

రేకుల మీద వాన హోరు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. పట్టపగలే షెడ్డంతా చీకటి కమ్ముకుంది.

బోల్టు టప్పున ఊడింది.

నూనె మీద జాకీ జారింది... యాక్సిల్ ఒరిగి నా మీద పడింది. ఎడమ చెయ్యీ, ఛాతీ దాని కింద. ఊపిరి బయటికి పోయింది కానీ మళ్ళీ లోపలికి రాలేదు. నాన్నా అని పిలిచాననుకున్నాను. పెదవులు కదిలాయంతే.

ఎంతసేపో తెలియదు. ముందు వాసన వచ్చింది. తడి దుప్పటిని పెట్టెలో కుక్కి, మూసేసి, చాన్నాళ్ళకి తెరిస్తే గుప్పుమనే వాసన. తరవాత యాక్సిల్ రెండో కొస దగ్గర రెండు చేతులు కనిపించాయి. మోచేతుల దాకానే. మిగతాది చీకట్లో ఉంది.

యాక్సిల్ లేచింది. ఎక్కడా ఆగకుండా, చప్పుడు లేకుండా.

“జరుగు,” అన్నారెవరో గుసగుసగా.

పాకుతూ బయటపడ్డాను. బావ వచ్చాడు! ఆ క్షణాన అతని మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, ఈ జన్మలో మళ్ళీ అతని డొక్కు బళ్ళని వెక్కిరించకూడదనుకున్నాను.

“దించెయ్ బావా... వచ్చేశాను.”

దించలేదు. అలాగే పట్టుకుని ఉన్నాడు. అంత బరువుకి వణకాల్సిన చేతులు వణకడం లేదు. రొప్పు లేదు. అసలు ఊపిరి చప్పుడే లేదు.

“బావా?”

“ఇంకొకరున్నారు,” అంది ఆ గొంతు. “కింద. లాగు.”

చూడకూడదని ఒళ్ళంతా చెబుతోంది. అయినా చూశాను. ఇందాక నేను పడుకున్న చోట... సరిగ్గా నా చెయ్యి నలిగిన చోట... ఒక చెయ్యి. మూసిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతోంది. అందుకోమన్నట్టు.

నేను లాగలేదు.

మెట్ల వైపు పరిగెత్తాను. వెనకాల యాక్సిల్ పడ్డ చప్పుడుకి ఇల్లు అదిరింది. ఆ తరవాత సన్నగా ఒక మూలుగు. ఆ వాన హోరులో అది ఎలా వినిపించిందో నాకిప్పటికీ తెలియదు.

నాన్న ఉలిక్కిపడి మేలుకుని, మంచం మీద నించే ఏమైందని అరిచాడు. వంటింటి తలుపు గడియపెట్టి దానికి వీపు ఆనించి కూర్చున్నాను. సాయంత్రానికి బావ వచ్చాడు. నిలువునా తడిసి గుమ్మంలో నిలబడితే, దగ్గరికి వెళ్ళలేకపోయాను. ముందు అతని చేతులు చూశాను.

నా చేతికి కట్టు కట్టించుకొచ్చాక బావ ఒక్కడే షెడ్డులోకి వెళ్ళాడు. నేల మీద యాక్సిల్ తప్ప ఇంకేం లేదన్నాడు. కానీ పాలిపోయిన మొహంతో వచ్చి, అడక్కుండానే గడియ మళ్ళీ పెట్టాడు. మర్నాడు వ్యాను అమ్మినతనికి ఫోను చేసి, నీ బండి నువ్వే తీసుకెళ్ళు అన్నాడట. అతను, యాక్సిల్ విప్పేశారా అని మాత్రం అడిగాడట. విప్పామనగానే పెట్టేశాడు. మళ్ళీ ఫోను ఎత్తలేదు.

చివరికి క్రేను తెప్పించి బండినీ, యాక్సిల్‌నీ తుక్కు కింద పంపించేశాం. షెడ్డు కడిగించాం. నెప్పి కాస్త తగ్గింది. ఇక అయిపోయిందనుకున్నాను.

నిద్రలో కట్టు మీదకి ఒత్తిగిల్లుతానేమోనని అమ్మ నా గదిలోనే పడుకుంటోంది. నిన్న పొద్దున కాఫీ ఇస్తూ, నాన్నకి వినపడకుండా అడిగింది.

“రాత్రుళ్ళు ఎవర్నే పిలుస్తున్నావు?”

నెప్పికి కలవరించి ఉంటానన్నాను. ఏమని పిలిచానని అడిగాను.

“ఎత్తు, ఎత్తు... అని.” అమ్మ నా వైపు చూడకుండా గ్లాసు అంచు తుడుస్తోంది. “నువ్వే అనుకుని లేచొచ్చి చూశాను. నీ పెదవులు కదలడం లేదు.”

“మరి ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?”

అమ్మ గ్లాసు నా కుడిచేతిలో పెట్టింది.

“మంచం కిందికి వంగి చూసే ధైర్యం నాకు చాల్లేదే,” అంది.